బావ చేయించిన ఫోను

మా బావ మీద కోపం నాకింకా చల్లారలేదు. ఇన్నేళ్లు పత్రికలో పనిచేసి, కోపంగా ఉన్నప్పుడు వార్త రాయొద్దని కొత్తవాళ్లకు చెప్పినవాణ్ణి. ఈ ఒక్కసారికి ఆ మాట పక్కన పెడతాను.

బావకు పిడుగురాళ్లలో సున్నపు బట్టీ ఉంది. నా మేనకోడలు ఆ పొగలో పెరిగి, ఆ సున్నం మీదే పీహెచ్‌డీ చేసింది. తక్కువ బొగ్గుతో, తక్కువ పొగతో రాయిని ఎలా కాల్చాలన్నది ఆమె పని. ఆ తర్వాతి మెట్టు పోస్ట్‌డాక్. అంటే, ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో జీతం మీద కొన్నాళ్లు పరిశోధన చెయ్యడం. దానికి రాతపరీక్ష లేదు. మనం ఏం చేశామో, ఏం చేస్తామో రాసి ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టుకోవాలి. చాలామంది జవాబివ్వరు. ఏడాదంతా రాయగా, చివరికి ఒక సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒకాయన పిలిచి సెమినార్ ఇప్పించుకున్నాడు. ఆమె ప్రయోగానికి కావలసిన ఫర్నేస్ ఆయన దగ్గరే ఉంది. పని నచ్చింది, కమిటీ ఒప్పుకోవడమే తరువాయి అన్నాడట.

ఆ సంతోషం పట్టలేక ఇంట్లో చెప్పింది.

మా వైపు పొలానికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్నా, అంగన్‌వాడీలో ఆయా పోస్టు కావాలన్నా నాయకుడి చేత ఫోను చేయిస్తారు. చేయించకపోతే వీళ్లకు వెనక ఎవరూ లేరనుకుంటారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నాయకుడి దగ్గరికి వెళ్లి, వీసీ ఆఫీసుకు ఫోను చేయించి వచ్చాడు. కూతురికి చెప్పలేదు.

వారం తిరక్కుండానే ప్రొఫెసర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. బయటి నుంచి ఒత్తిడి వచ్చింది కాబట్టి ఆమెను తీసుకోలేమని.

మేనకోడలు ఆ సంగతి చెప్పగానే ఇది బావ పనేనని అర్థమై, నేను నరసరావుపేటలో బస్సెక్కి నేరుగా బట్టీ దగ్గరికి పోయాను.

"ఎవర్ని అడిగి చేయించావు బావా?"

"ఏంది బామ్మర్దీ, కన్నకూతురికి ఒక మాట సాయం చెయ్యకూడదా? అవతలోడు చేయించడని గ్యారంటీ ఏంది?"

"అక్కడ అట్లా కుదరదు."

"అట్లా కుదరని ఆఫీసు ఒక్కటి చూపించు. చానా ఏళ్లు పేపర్లో రాశావుగా."

అలాంటి ఆఫీసు గురించి నేనెప్పుడూ రాసింది లేదు. అందుకే ఇంకా మండింది.

బయటికొచ్చి ప్రొఫెసర్‌కు ఫోను చేశాను. ఆ పిల్లకు ఈ సంగతే తెలియదన్నాను.

"నేనూ నమ్ముతున్నానండీ. కానీ ఇప్పుడు తీసుకుంటే ఫోను చేయిస్తే తీసుకున్నారంటారు. అది ఆమెకూ చెడ్డపేరే."

"మరి ఫోను చేసిన నాయకుణ్ణి ఏమన్నారు?"

"పైవాళ్లు 'చూస్తాం సార్' అన్నారటండీ. ఆయన్ని మేమేం అనగలం?"

నాయకుడికి మర్యాద, ఏ ఫోనూ చేయించని పిల్లకు శిక్ష! దానికి నిజాయితీ అని పేరు. ప్రొఫెసర్ని ఏమన్నానో ఇక్కడ రాయను. రాస్తే అచ్చువేయరు.

ఆ ఆదివారం అందరం అక్క వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. బావ ఇంకా వదల్లేదు. "దిగులు పడమాక అమ్మా, ఈసారి ఇంకా పెద్దాయనతో చెప్పిద్దాం."

మేనకోడలు ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఈసారి ఎక్కడికి రాస్తున్నానో నీకు చెప్పను నాన్నా. చేరినాక కూడా చెప్పను."

గొంతు పెంచలేదు. బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా వైపు చూశాడు, ఒక మాట సాయం చెయ్యమన్నట్టు.

నేను మజ్జిగ పోసుకున్నాను.