ఐదో ‘ఎందుకు’

మా పాత షిఫ్ట్ ఇన్‌ఛార్జి సార్ పోయారు. పోయిన సోమవారం పొద్దున పాశమైలారం పోయే మా కెమికల్ కంపెనీ బస్సు ముత్తంగి దాటుతుండగా డ్రైవర్ చెప్పాడు. “పెద్దసార్ పోయిండంటనే. నిద్రలనే పోయిండంట.” బస్సులో సగంమందిమి ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళమే. నాకైతే ఏడుపు కన్నా ముందు భయం వచ్చింది. ఇక ఒకటో తారీఖున నా షీటు మీద సంతకం ఎవరు పెడతారు?

ఆ షీటు గురించి చెప్పాలంటే ముందు నా ఘనకార్యం చెప్పుకోవాలి. నాకు ఫోన్లో డబ్బు పెట్టి ఆడే పేకాట పిచ్చి ఉండేది. మా సాల్వెంట్ బ్లాకులోకి ఫోను తీసుకుపోకూడదు. చిన్న నిప్పురవ్వ చాలు, బ్లాకంతా అంటుకుంటుంది. కొత్తవాళ్ళకు ఆ పాఠం చెప్పేది నేనే. ఆ నేనే ఒకరోజు సేఫ్టీ బూటులో ఫోను దూర్చుకుని లోపలికి పోయాను. ఆట మధ్యలో ఉంది మరి! నా కుంటి నడక చూసి సార్ బూటు విప్పమన్నారు.

మూడు రోజులు సస్పెండ్ చేశారు. అందులో దయ ఏమీ చూపలేదు. నాలుగో రోజు తన గదికి పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. పంపు చెడినా పైపు కారినా మేం నింపే షీటు అది. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడుగుతూ పోతే అసలు కారణం దొరుకుతుందని లెక్క. ‘ఏం చెడింది’ అన్న గడిలో ఆయన ‘ఆట ఆగడం లేదు’ అని రాశారు.

“ఎందుకు ఆడుతున్నావు?”

“ఆశ సార్. బుద్ధి లేదు నాకు. తప్పు నాదే.”

“ఆపరేటర్‌ది తప్పు అని రాసిన షీటు మీద నేనెప్పుడైనా సంతకం పెట్టానా? బుద్ధి లేదంటే నేను ఏ బోల్టు బిగించాలి అబ్బాయ్? సరిగ్గా చెప్పు.”

అది ఆయన పాత పట్టు. మనిషిని తిట్టాక ఇక ఎవరూ కారణం వెతకరు అనేవారు.

“మొదటి వారమే గెలిచిన సార్. మా బామ్మర్ది అందరికి చెప్పుకున్నడు.”

“రాశాను. తర్వాత ఓడావుగా, ఎందుకు ఆపలేదు?”

“ప్రతిసారి ఒక్క ముక్కల పోయేది. గదొక్కటొస్తే ఆట నాదే.”

ఆయన పెన్ను ఆపారు. “ఇక్కడ ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పితే ఏం చేస్తాం?”

“పని బంద్ పెడ్తం సార్.”

“అక్కడ గెలుపు వెంట్రుకవాసిలో తప్పితే?”

“ఇంకో ఆట ఆడ్త.”

నా నోటితో నేనే చెప్పి నేనే బిత్తరపోయాను.

దాన్ని మూడో ‘ఎందుకు’ కింద రాశారు. నాలుగోదానికి సిగ్గు బయటపడింది. ఓడినట్టు ఇంట్లో చెప్పలేక సిగ్గు, ఆ సిగ్గు మరిచిపోవడానికి మళ్ళీ ఆట. ఇక ఐదోది. అసలు మొదట ఆ ఆట ఎందుకు ముట్టుకున్నావు అన్నారు.

“కొత్త కంట్రోల్ రూము వచ్చినంక వాల్వులన్నీ కంప్యూటరే తిప్పుతది సార్. పన్నెండేండ్లు గీ చేతులతోని తిప్పిన. ఇప్పుడు తెర సూసుకుంట కూసుంటున్న. నన్ను ఎవ్వరు ఏం అడుగరు. ఆటల అయితే నేను ఏసిందే ముక్క.”

అని ఏడ్చేశాను. ఆయన నా మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నారు. పక్కకు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు కూడా, నేను చూశాను.

మర్నాడు నా భార్యను పిలిపించి ఆ షీటు నాతోనే చదివించారు. “గింత బాధ కడుపుల వెట్టుకొని నాతోని ఒక్క ముచ్చట చెప్పకపోతివి!” అని ఆమె ఆయన ముందే తిట్టింది. ఎప్పుడూ ఫోనులోనే ఉంటున్నానని అలిగి, పుట్టింటికి పోతానని నెల నుంచి సర్ది పెట్టుకున్న సంచిని ఆ సాయంత్రమే విప్పింది. నా ఫోను ఆమె తీసుకుంది, నాకు బటన్ల ఫోను వచ్చింది. సంగారెడ్డిలో మానసిక వైద్యుడి దగ్గరకు సారే తోడొచ్చారు. కరెంటు పోతే వాల్వులు చేత్తో ఎలా తిప్పాలో కొత్త బ్యాచ్‌కు నేర్పే పని నాకిచ్చారు. మొదటి రోజు చక్రం మీద చెయ్యి వేయగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

మధ్యలో ఒకసారి జారాను, బామ్మర్ది ఫోనులో. పోయి సార్‌కు చెప్పాను. “అయితే కొత్త షీటు తియ్యి,” అన్నారు, అంతే.

అప్పటినుంచి ప్రతి ఒకటో తారీఖున కళ్ళలోకి చూసి “ఆడావా?” అని అడిగేవారు. లేదంటే సంతకం. రసాయనాలు కలిపే రియాక్టర్‌లో పడకుండా పెన్నుకు దారం కట్టి జేబుకు వేలాడదీసుకునే అలవాటు ఆయనది. రిటైరై అమీన్‌పూర్‌లో ఇంట్లో కూర్చున్నా ఆ దారం తీయలేదు. అప్పటికి ఒకటో తారీఖున ఆయనింటికి వెళ్ళే నాలాంటివాళ్ళం ఏడుగురమయ్యాం, కొందరిది పేకాట, కొందరిది క్రికెట్ పందెం. ఏ ఇద్దరి ఐదో ‘ఎందుకు’ ఒకటి కాదు. మీ ఇంట్లో ఎవరైనా ఆడుతుంటే తిట్టే ముందు ఒకసారి అలా అడిగి చూడండి.

నేను ఆట ముట్టి నాలుగేళ్ళయింది. గెలిచాను. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

నిన్న ఒకటో తారీఖు. పిలవకపోయినా ఏడుగురం అమీన్‌పూర్ వెళ్ళాం. మేడం, అంటే సార్ భార్య, మా షీట్ల ఫైలు తెచ్చి వరండాలో పెట్టారు. “ఆయన లేకపోతే ఇవి ఆగిపోవాలా ఏంటి? ఒకళ్ళవి ఒకళ్ళు చూసుకోండి,” అంటూ సార్ పెన్ను నా పక్కనున్నతని చేతికిచ్చారు.

అతను నా కళ్ళలోకి చూశాడు. “ఆడినవా అన్నా?”

“లేదు తమ్మీ.”

అతను నా షీటు మీద సంతకం పెట్టి పెన్ను నాకిచ్చాడు. నేను అవతలివైపు తిరిగి అదే అడిగాను. పెన్ను అలా ఏడుగురి చేతులూ మారింది. దాని వెనకే ఆ దారం, ఒక్కో షీటు మీద నుంచి పాకుతూ పోయింది.