చెరువు మట్టి కాదది

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే దమ్ము నాకు లేదు, అందుకే మీకు చెబుతున్నాను.

బోయినపల్లి దగ్గర మాకు భూములుండేవి. నక్సలైట్ అన్నలు వాటిలో ఎర్రజెండాలు పాతి కూలీలకు పంచబోతున్నారని ముందే తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. తాతలనాటి భూమి మా పాలేర్లు దున్నుకుంటారా? ఆ తాత దాన్ని ఎవరి దగ్గర గుంజుకున్నాడో మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

సిరిసిల్లలో మాకు తెలిసినవాళ్లు నూలుకు రంగులద్దే కార్ఖానా నడిపేవారు. రంగు నీళ్ల మడ్డి పేరుకున్న గుంట చుట్టూ గడ్డి కూడా మొలిచేది కాదు. అది నా కళ్లతో చూశాను. చూసే చేశాను. మాకు దక్కనిది ఎవరికీ దక్కొద్దనుకున్నాను. ఎండాకాలం పొలాలకు చెరువు మట్టి తోలడం మా వైపు మామూలే కాబట్టి, మడ్డిని ఆ మట్టిలో కలిపి ట్రాక్టర్లతో కుప్పలు పోయిస్తే ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత జెండాలు పాతారు. మేం సిరిసిల్లకు మకాం మార్చాం.

మా దగ్గర కూలి చేసిన రాజవ్వకు అందులో కొంత మెట్ట చెలక వచ్చింది. దున్నేముందు ఆమె నన్ను వెతుక్కుంటూ సిరిసిల్లకు వచ్చింది. దొర అనొద్దని కూలీల సంఘం వాళ్లు చెప్పినా ఆమెకు అలవాటు పోలేదు.

“దొరా, మీరు తోలిచ్చిన మట్టి గదేందో వాసనొస్తున్నది. దున్నుమంటరా?”

“చెర్వు మట్టే. దున్నుకో పో.”

“మీ కడుపు సల్లగుండ,” అని పోయింది.

వద్దని ఒక్కమాట అంటే సరిపోయేది. నోరు తెరిచి అడిగింది కదా, ఇంకేం చేయాలి ఆమె? అప్పుడు నాకు లోపల నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

అన్నల జోరు తగ్గి రోజులు మారాక ఊరికి తిరిగొచ్చాం. మొన్న మట్టి పరీక్ష చేసినవాళ్లు ఆ చెలకలో క్రోమియం, సీసం ఉండకూడనంత ఉన్నాయన్నారు. పురుగుమందులు ఇష్టమొచ్చినట్టు చల్లాడని రాజవ్వ కొడుకును అందరి ముందూ తిట్టారు. అతను తలొంచుకుని నిలబడ్డాడు. నేను పక్కనే కుర్చీలో కూర్చున్నాను.

రాజవ్వ ఇప్పటికీ ఆ చెలకలో కోసిన పుంటికూర, అదే గోంగూర, మా ఇంటికి పంపుతుంది. నేను పెంట మీద పారేయిస్తాను. ఆమె మనవలు తింటారు.

అన్నలదే తప్పని, కాలమే పాడైందని ఇన్నాళ్లూ అందరినీ తిట్టాను. జెండా పాతింది వాళ్లు. విషం పోసింది నేను. చెప్పేశాను, గుండె తేలికైంది. ఆ పిల్లలు అక్కడ తింటూనే ఉన్నారు, నా గుండె తేలికైతే ఎవడిక్కావాలి?