బకెట్ లేనిదే కారెక్కని అడ్మిరల్

రియర్ అడ్మిరల్ గాడ్‌ఫ్రీ వెదర్‌బీ గారు బకెట్ లేకుండా కదిలే వస్తువేదీ ఎక్కరు. బస్సైనా, రైలైనా, చివరికి ఆస్పత్రి లిఫ్టైనా సరే, చేతిలో తెల్లటి ఎనామెల్ బకెట్ ఉండి తీరాల్సిందే. బ్రిటిష్ నౌకాదళంలో యుద్ధనౌకలు నడిపి రిటైరైన పెద్దమనిషి. ఆయన పతకాలు ఏ సొరుగులో ఉన్నాయో ఆయనకే తెలియదు గానీ, బకెట్ మాత్రం ఎప్పుడూ గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడుతూ సిద్ధంగా ఉంటుంది.

నార్తాంప్టన్‌లో ఆయన పక్కింట్లో ఉండే ఆదిలక్ష్మి ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"బకెట్ దేనికండీ అడ్మిరల్ గారూ?"

"నిప్పు," అన్నారాయన. "ఓడలో నిప్పంటుకుంటే కష్టం."

"మరి అందులో నీళ్ళు లేవు కదండీ."

"నిప్పంటుకున్నాక చూసుకుందాం."

ఆయన మాట్లాడేది ఇంగ్లిషే. తెలుగులోకి దించుకున్నా పొదుపుగానే ఉంటుంది. నోరు ఎక్కువసేపు తెరిచి ఉంచడం ఆయనకు మొదట్నుంచీ ఇష్టం లేదు. నౌకాదళం వాళ్ళు దాన్ని గాంభీర్యం అనుకుని ప్రమోషన్లు ఇచ్చుకుంటూ పోయారు.

ఆయనలో ఇంకో వింత కూడా ఉంది. రిటైరైన నావికులందరూ సముద్రం కనిపించే ఇల్లు వెతుక్కుంటారు. ఈయన మ్యాప్ తెచ్చి, ఎటు చూసినా సముద్రానికి ఆమడల దూరంలో ఉన్న ఈ ఊళ్ళో ఇల్లు కొన్నారు. అదేమిటండీ అంటే, "సముద్రం చూశాను. చాలు," అన్నారు.

ఇక ఆదిలక్ష్మి సంగతి. ఆవిడది కాకినాడ. ఇక్కడ ఆస్పత్రి వార్డులో నర్సు. నైట్ డ్యూటీలు చేసీ చేసీ ఇంట్లో వాళ్ళ మొహాలు మర్చిపోయే స్థితికి వచ్చింది. ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసే పగటి ఉద్యోగం ఒకటి ఆవిడకు ఖాయమైంది కూడా. పల్లెలు తిరగాలి కనుక కారు లైసెన్సు కావాలన్నారు. వేసవిలోపు తెచ్చుకుంటే ఉద్యోగం, లేకపోతే మళ్ళీ నైట్లే. అప్పటికే ఆవిడ పరీక్ష మూడుసార్లు తప్పింది.

లోపం ఒక్కటే. ఆవిడ రోడ్డు చూడదు, కారు ముక్కు చూస్తుంది. ఏదైనా ముక్కు దాకా వచ్చాకే కనిపిస్తుంది, కనిపించగానే బ్రేకు తొక్కేస్తుంది. భర్త మల్లికార్జున కొన్నాళ్ళు నేర్పాడు.

"బ్రేకెందుకేశావు?"

"నిన్న వెయ్యలేదని మీరే కదండీ తిట్టారు?"

"నిన్న ఎదురుగా లారీ ఉంది. ఇవాళ పావురం."

"పావురానికి మాత్రం ప్రాణం ఉండదా?"

కారు దిగాక ఇద్దరికీ మాటలుండేవి కావు. పప్పులో ఉప్పూ ఉండేది కాదు. పదహారేళ్ళ కూతురు మానస మెట్లమీంచి మూడేసి చొప్పున దూకుతూ వచ్చి, పళ్ళెం చూసి, "టేకవే ఆర్డర్ చేద్దామా?" అని ఇంగ్లిషులో అడిగేది. ఆ పిల్ల ఏ పనైనా అంత వేగంగానే చేస్తుంది.

ఒక ఉదయం ఆదిలక్ష్మి కారు వెనక్కి తీస్తూ అడ్మిరల్ గారి చెత్త బిన్‌ని పడగొట్టింది. ఆయన డ్రెస్సింగ్ గౌన్‌లోనే బయటికొచ్చి, రోడ్డుమీద దొర్లుతున్న బిన్‌ని చూశారు.

"ఎవరు నడిపింది?"

"నేనేనండీ," అంది ఆదిలక్ష్మి. అని ఊరుకోక, ఉద్యోగం సంగతీ, మూడుసార్లు తప్పిన సంగతీ చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆయన ఆవిడ వంక చూశారు, కారు వంక ఇంకాస్త ఎక్కువసేపు చూశారు. ఒక నిట్టూర్పు విడిచి, "మంగళవారం పది గంటలకు," అని లోపలికి వెళ్ళిపోయారు.

మంగళవారం ఆయన కోటూ టోపీ వేసుకుని, ఒళ్ళో బకెట్‌తో పక్క సీట్లో కూర్చున్నారు. జనవరి చలిలో కిటికీ అద్దం పూర్తిగా దించారు. జేబులోంచి అల్లం బిస్కెట్ తీసి కొరికి, గడ్డం పైకెత్తి, ఎదురుగా ఎక్కడో ఆకాశం అంచున చూపు నిలిపారు.

"దూరం చూడండి, నర్స్."

"చూస్తున్నానండీ."

"ఇంకా దూరం. ఆ చర్చి గోపురం కనిపిస్తోందా? దాని వెనకాల చూడండి."

"దాని వెనకాల ఏముందండీ?"

"అదే చూడమంటున్నాను. నెమ్మదిగా ముందుకు."

కుడివైపు తిరగాలంటే 'స్టార్‌బోర్డ్', ఎడమవైపైతే 'పోర్ట్'. ఆవిడ "స్టార్‌బోర్డ్, సర్" అని తిరిగి అప్పజెప్పాలి. గట్టిగా బ్రేకు వేస్తే మాత్రం ఆయన బకెట్ అంచు బిగించి పట్టుకుని, ఇంకో అల్లం బిస్కెట్ కొరికి చెప్పేవారు.

"ఓడలకు బ్రేకులుండవు, నర్స్. దీనికీ లేవనుకుని నడపండి."

ఒకసారి మిల్టన్ కీన్స్ వెళ్ళారు. ఆ ఊళ్ళో రోడ్లకన్నా రౌండబౌట్లే ఎక్కువ. ఆదిలక్ష్మి ఒకదాంట్లో చిక్కుకుని, బయటికి పోయే దారి తెలియక గుడిలో ప్రదక్షిణలు చేసినట్టు తిరుగుతూనే ఉంది. అడ్మిరల్ గారు వేలితో దారి చూపించారు. బయటపడగానే కారు ఆపించి దిగి, "డెక్ మీద నడక అలవాటు," అంటూ బకెట్ పట్టుకుని నడక సాగించారు. ఆవిడ వెనకాలే కారులో నెమ్మదిగా వచ్చింది.

ఆ పూట వెనక సీట్లో ఉన్న మానస అంది, "మమ్, హీ లుక్స్ గ్రీన్."

"తెల్లవాళ్ళ మొహాలు చలికి అలాగే పాలిపోతాయిలేవే," అంది నర్సు ఆదిలక్ష్మి.

పరీక్ష రోజున జోరున వాన. ఆదిలక్ష్మి అలవాటు కొద్దీ ఎగ్జామినర్ వైపు అద్దం పూర్తిగా దించి, గడ్డం ఎత్తి, ఊరి చివర మేఘాల మీద చూపు నిలిపింది. ఆయన కుడివైపు తిప్పమంటే "స్టార్‌బోర్డ్, సర్," అని గంభీరంగా బదులిచ్చి తిప్పింది. ఎదర ఏం రాబోతోందో ఆవిడకు వీధి మొదట్లోనే కనిపించింది. బ్రేకు మీద కాలు ఎప్పుడు పడిందో ఎగ్జామినర్‌కి తెలియనే లేదు. చివర్న ఆయన తడిసిన కాగితాలు దులుపుకుంటూ, "పాసయ్యారు. ఇప్పుడు నేను కిటికీ మూసుకోవచ్చా?" అని అడిగాడు.

ఆదివారం ఆదిలక్ష్మి పులిహోర, గారెలు చేసి అడ్మిరల్ గారిని భోజనానికి పిలిచింది. ఆయన కింద పనిచేసి రిటైరైన కమాండర్ డాఫ్నీ గారు పోర్ట్స్‌మత్ నుంచి చూడవచ్చి ఉంటే ఆవిడనీ తోడు తెచ్చారు. ఇంటి వెనక కన్సర్వేటరీ అనే అద్దాల గదిలో కాకినాడ నుంచి తెప్పించిన ఉయ్యాల బల్ల ఉంది. డాఫ్నీ గారు అందులో కూర్చుని ఒక ఊపు ఊగి, "రండి, గాడ్‌ఫ్రీ," అన్నారు. అడ్మిరల్ గారు గారె పట్టుకుని గబగబా తోటలోకి నడిచారు.

డాఫ్నీ గారు పగలబడి నవ్వారు. "ఇంకా తగ్గలేదన్నమాట. ఓడ రేవు దాటితే చాలు, ఆయనకు కడుపులో తిప్పుడే. తుపానులో అందరూ లోపలుంటే ఈయన బయట నిలబడి ఆకాశం అంచు చూసేవారు. ఎంత ధైర్యమో అనుకున్నాం. లోపలుంటే కక్కుతారని చాలా ఏళ్ళకు తెలిసింది. సముద్రం కన్నా కారంటేనే ఆయనకు హడల్. పోర్ట్స్‌మత్‌లో ఆఫీసుకు ఎప్పుడూ నడిచే వచ్చేవారు."

"కారెక్కరా?" అంది ఆదిలక్ష్మి.

"చావనైనా చస్తారు గానీ ఎక్కరు."

ఆదిలక్ష్మి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. దించిన అద్దం, అల్లం బిస్కెట్లు, పాలిపోయిన మొహం, నీళ్ళు లేని బకెట్. వేవిళ్ళ మనిషి లక్షణాలన్నీ పక్కసీట్లో కూర్చుని ఉంటే, ఇన్నేళ్ళ నర్సు అయ్యుండి చలి అనుకుంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ మీదట ఆ ముసలాయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. వారం వారం ఆయన తన కోసం తుపానులో ఓడెక్కినట్టే ఎక్కారు.

తోటలోకి వెళ్ళి అల్లం మురబ్బా డబ్బా ఆయన చేతిలో పెట్టింది. "నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే మీరు బ్రేకు గురించి కాక నా గురించి ఆలోచించేవారు," అన్నారాయన మురబ్బా నోట్లో వేసుకుంటూ.

అంతలో మానస ఒక్క దూకులో వాకిలి దాటి వచ్చింది. "అంకుల్, ఐ టర్న్ సెవెంటీన్ ఆన్ ఫ్రైడే, దెన్ ఐ కెన్ లర్న్ టు డ్రైవ్. విల్ యూ టీచ్ మీ టూ?"

"ఒసేయ్, నువ్వూరుకో," అంది ఆదిలక్ష్మి కంగారుగా.

అడ్మిరల్ గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తెరిచి, గడ్డం పైకెత్తి, కంచె అవతల ఎక్కడో దూరంగా చూశారు.

"శనివారం పది గంటలకు," అన్నారు. తర్వాత ఆదిలక్ష్మి వైపు వంగి గొంతు తగ్గించారు. "నర్స్, మీ ఇంట్లో ఇంకాస్త పెద్ద బకెట్ ఉందా?"