కుడివైపు వెనక తలుపు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, "బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు పోయారంట" అన్నాడు. టాక్సీ స్టాండులో ఎవరో చెప్పారట. గుంటూరులో వాళ్ళమ్మాయి గారింట్లో, నిద్రలోనే పోయారట. ఆయన మాకు చుట్టం కారు, మా మతస్థులూ కారు. అయినా ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

కాగితాల మీద ఆయన హోదా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. మా చిలకలూరిపేట డ్రైవర్లకు మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారే. నెలకు రెండుసార్లు ట్రావెలర్స్ బంగళా ముందు క్యాంపు పెట్టేవారు. ప్రతి టాక్సీ ఏడాదికోసారి ఆయన ముందు నిలబడి, రోడ్డుకు పనికొస్తుందని ఎఫ్.సి. కాగితం తెచ్చుకోవాలి. నేను బడిపంతులమ్మను. పరీక్ష రోజున మా పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో, క్యాంపు రోజున డ్రైవర్ల ముఖాలు అలా ఉండేవి.

చిన్న సుత్తితో చక్రాల నట్లు ఒక్కొక్కటీ తట్టి, చెవి ఒగ్గి వినేవారు. ఎవరి కాఫీ తాగేవారు కాదు. ఇంటి నుంచి ఫ్లాస్కులో మజ్జిగ తెచ్చుకునేవారు. కోపం మాత్రం దండిగా ఉండేది. ఒకసారి పెళ్ళికారుకు బిగించిన గాలి హారన్లు పీకించేదాకా పెళ్ళికొడుకును బాసికంతో సహా ఎండలో నిలబెట్టారు. ఆడపెళ్ళివాళ్ళు ఆయన్ను తిట్టని తిట్టు లేదు.

అప్పట్లో మా అంబాసిడర్ కారును చూస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టేది కాదు. మిర్చి బస్తాలు, అదే మావైపు టిక్కీలంటారు, పేర్చడానికి పైన ఇనప క్యారియర్ ఎత్తు పెంచాడు మా ఆయన. బరువుకు కుంగకుండా వెనక స్ప్రింగు కమానులకు అదనంగా పట్టీలు వేయించాడు. అన్నిటికీ మించి, కుడివైపు వెనక తలుపుకు వెల్డింగు పెట్టించాడు. దాని గడియ వదులై, కారు పోతుండగా తెరుచుకుని ఓ ముసలాయన రోడ్డు మీద పడబోయాడట. మూసేస్తే ఇక గొడవే ఉండదనుకున్నాడు. స్టాండులో అందరూ భేష్ అన్నారు. మరో ఇద్దరు తమ కార్లకూ అలాగే చేయించుకున్నారు. నేనూ మెచ్చుకున్నదాన్నే.

ఆ ఏడు క్యాంపులో ఇన్‌స్పెక్టర్ గారు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎఫ్.సి. ఇవ్వనన్నారు.

"మిర్చి బరువేముందండీ, గాలే కదా" అని మా ఆయన బతిమాలాడు.

"బరువు సంగతి కాదయ్యా, ఎత్తు సంగతి. మలుపులో ఎటు ఒరుగుద్దో చూసుకున్నావా? ఆ తలుపు కూడా తెరిపించుకుని రా."

సీజను నడిమధ్యలో కారు ఇంటి ముందు నిలబడిపోయింది. అప్పటికి నాకు ఏడో నెల. కోపం ముక్కు మీదే ఉండేది. తర్వాతి క్యాంపుకు మా ఆయన చేత ఆ కారే తీయించి, మా అత్తగారినీ ఆడపడుచునూ వెంటేసుకుని నేనే వెళ్ళాను. అంతమంది డ్రైవర్ల ముందు, "ఊళ్ళో బళ్ళన్నీ అలాగే ఉంటే మాదొక్కటే కనపడిందాండీ? మీకేం కావాలో బయటికి చెప్పండి" అనేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "రండి టీచరు గారూ, ముగ్గురూ వెనక సీట్లో కూర్చోండి. మీరు ఆ కుడి మూలకి జరగండి" అన్నారు. కూర్చున్నాం. ఎడమ తలుపు మూసి, గడియారం చూసుకుంటూ, "ఇంజన్లో పొగొస్తోందనుకోండి. దిగండి" అన్నారు.

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ దిగితే గానీ ఆడపడుచు కదలలేదు, ఆ పిల్ల కదిలితే గానీ నేను కదలలేను. తెలిసి తెలిసీ నా చెయ్యి కుడి తలుపు పిడి మీదకే పోయింది. పిడి తిరిగింది, తలుపు కదల్లేదు. రెండో చేత్తో కడుపు పట్టుకున్నాను. లేని పొగకే ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆఖరికి నేను ఎడమవైపు నుంచి దిగేసరికి మా ఆయన ముఖం తెల్లబోయింది.

ఇన్‌స్పెక్టర్ గారు ఎంతసేపు పట్టిందో చెప్పలేదు. నేనన్న మాటా ఎత్తలేదు. "పడిపోతారని మూశాడమ్మా మీ ఆయన. మంచి ఆలోచనే, కాకపోతే సగం దాకా వచ్చి ఆగింది" అన్నారు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "కారు నీదేనయ్యా, కాదన్నదెవరు? రోడ్డు మాత్రం నీ ఒక్కడిదీ కాదు" అన్నారు.

ఆ సాయంత్రమే వెల్డింగు కోయించాం. కొత్త గడియ వేయించాం. క్యారియర్ దించాం, పట్టీలు తీయించాం. మళ్ళీ క్యాంపుకు తీసుకెళ్తే, ఆ తలుపు నాలుగుసార్లు తెరిచి మూసి చూశాకే సంతకం పెట్టారు. ఎవరి కారెక్కినా కూర్చోబోయే ముందు అవతలి తలుపు ఓసారి తెరిచి మూయడం ఆయనకు అలవాటట. డ్రైవర్లు చాటుగా నవ్వుకునేవారు.

మా అమ్మాయి పుట్టిన ఏడాదే, పత్తి తీతల రోజుల్లో, నరసరావుపేట రోడ్డు మీద పత్తి కూరిన పెద్ద బోరాల లారీని తప్పించబోయి మా కారు ఎడమవైపుకు ఒరిగి కాలువలో పడింది. మా ఆయన ఒళ్ళంతా బురదతో ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "ఎడమ తలుపులు బురదలో కూరుకుపోయాయే. అందరం కుడి తలుపులోంచే పైకొచ్చాం" అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెనక సీట్లో పత్తి తీతకు పోయొస్తున్న తల్లీ ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారట.

చంటిదాన్ని ఎత్తుకుని ఇన్‌స్పెక్టర్ గారికి దండం పెట్టడానికి వెళ్ళాం. ఆ రోజు నేనన్న మాటకు క్షమాపణ కూడా చెప్పాను. "తలుపు తెరిపించుకున్నది మీరు, నాదేముందమ్మా" అన్నారు ఆయన. పాప బుగ్గ తట్టి, మా ఆయనతో, "కారు ఆరాక ఓసారి తీసుకురావయ్యా. నీళ్ళలో పడ్డది, బ్రేకులు చూడాలి" అన్నారు.

ఈ ఏడు కొత్త మోటారు చట్టం వచ్చింది. స్టాండులో అందరూ విసుక్కుంటున్నారు. నేను చట్టం చదవలేదు. నాకు చట్టమంటే మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి లేచిన ఆ మనిషే.

సోమవారం ఆయన్ను కడసారి చూడటానికి గుంటూరు బయల్దేరాం. మా అమ్మాయికి ఇప్పుడు ఏడేళ్ళు. ఎడమవైపు నుంచి కారెక్కి, కూర్చోకుండా సీటు మీద మోకాళ్ళతో పాకి, అవతలి తలుపు తెరిచి, మళ్ళీ లాగి మూసింది. దానికి నేను నేర్పలేదు. వాళ్ళ నాన్న రోజూ చేస్తుంటే చూసినట్టుంది. మా ఆయన తాళంచెవి పట్టుకుని, వెనక్కి తిరక్కుండా కూర్చున్నాడు. ఆ తలుపు గట్టిగా పడిన చప్పుడు విన్నాకే ఇంజను స్టార్టు చేశాడు.