టొలుయీన్ లేని స్ఫటికం

1984లో నేను విశాఖపట్నంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో లెక్చరర్‌ని. స్ఫటికంలో అణువులు ఎలా అమరాయో చూసే ఎక్స్‌రే యంత్రం మాకు లేదు. శాంపిల్ బెంగళూరు పంపాలి, వంతు కోసం నెలల తరబడి కాచుకోవాలి.

నా దగ్గర రీసెర్చ్ చేసే అప్పలరాజుది భీమిలి వైపు సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. అతని పని కాలిక్సరీన్ మీద. అది గిన్నెలాంటి వలయపు అణువు. తన లోపల ఇంకో చిన్న అణువుకు చోటిస్తుంది కనుక హోస్ట్ అంటాం. దాన్ని అసిటోన్ అనే సాల్వెంట్‌లో, అంటే ద్రావకంలో, కరిగించి స్ఫటికంగా పెంచితే సూదుల్లా వచ్చేది, టొలుయీన్ అనే ఇంకో సాల్వెంట్‌లో పెంచితే పటికబెల్లం పలుకుల్లా వచ్చేది. టొలుయీన్ ఆ గిన్నెల్లో చేరి వాటిని వరసగా నిలబెడుతోందని మా అనుమానం. అది రుజువైతేనే అతని థీసిస్. ఫెలోషిప్ గడువు ముంచుకొచ్చింది, బెంగళూరులో దొరికిన ఈ వంతు తప్పితే ఇంకోటి లేదు.

మా లాబ్‌లో ఏ శాంపిలైనా వాక్యూమ్ డెసికేటర్‌లో, అంటే గాలి తోడేసిన గాజు పాత్రలో, ఆరాకే గడప దాటాలి. మా హెడ్‌కి అదొక మడి. నేను పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్లొచ్చేసరికి స్ఫటికాలు లేవు. డెసికేటర్‌లో తెల్లటి పిండి ఉంది.

"ఆరబెడితే పిండైపోతాది, టొలుయీన్ లోపలుంటేనే నిలబడతాదని హెడ్ సార్‌కి సెప్పాను మేడం," అన్నాడు అప్పలరాజు. "నాకే పాఠం సెప్తావేటని ఆయనే దగ్గరుండి పెట్టించేసారు."

నేను హెడ్ గదికి వెళ్లాను.

"తడి శాంపిల్ పంపితే మన పరువేం కాను?" అన్నారాయన.

"ఆ తడే దాన్ని నిలబెట్టింది సార్. జరిగింది రాసి, గడువు పెంచమని అడుగుదాం."

"ఆ కుర్రాణ్ణి మీరు నెత్తికెక్కించుకున్నారమ్మా," అని ఇంకో ఫైలు తీశారు.

అభ్యర్థికి స్ఫటికాలు పెంచే నేర్పు లేదని ఫెలోషిప్ ఇచ్చేవాళ్లకి రిపోర్టు రాశారు. నా అభ్యంతరానికి జవాబే రాలేదు. మళ్లీ పెంచేలోపు వంతూ పోయింది, ఫెలోషిప్పూ పోయింది. ఆ రిపోర్టు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లకు అప్పలరాజు కంచరపాలెంలో కనబడ్డాడు. బొగ్గు పరీక్షించే లాబ్‌లో చేరాడట.

"బొగ్గు ఆరబెట్టి తేమెంతో సూత్తన్నాను మేడం. ఇక్కడ నన్నెవలూ ఏటీ అనరు," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సాల్వెంట్ కరిగించి తప్పుకునేది కాదని, ఒక్కోసారి స్ఫటికంలో అదీ భాగమేనని ఆ కేసు నాకు నేర్పింది. తర్వాత ఏటా క్లాసులో అదే చెప్పాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నారు. అప్పలరాజు కూడా ఆ రోజు హెడ్‌కి ఆ ముక్కే చెప్పాడు.