పదిమందికి మాత్రమే ఇచ్చిన ఇల్లు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయే రకం నేను. నమ్మకపోవడం అటుంచి, అలాంటివి చెప్పేవాళ్ళంటేనే నాకు చిరాకు. పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు ఏదో హాస్టల్ గదిలో ఎవరో నడిచిన చప్పుడు విన్నానని చెబుతుంటే, ఎలుకలై ఉంటాయని మొహం మీదే అనేశాను. అలాంటిదాన్ని ఇప్పుడు నేనే ఇది రాస్తున్నానంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. ఆ ఇంటిని తలుచుకుంటే నాకు భయం కన్నా కోపం ఎక్కువ వస్తుంది. ఆ కోపంలో సగం నా మీదే.

మేం జార్జియా రాష్ట్రంలో కమ్మింగ్ అనే ఊళ్ళో ఉంటాం. ఏటా అక్టోబర్‌లో మూడు కుటుంబాలం కలిసి ఉత్తర జార్జియా కొండల్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని రెండు రోజులు గడిపి వస్తాం. వంట మేమే చేసుకుంటాం. ఇల్లు వెతికే పని మాత్రం ఎప్పుడూ నాదే. ఇదేదో గౌరవం అనుకోకండి. బాత్రూంలు తక్కువైతే నన్నే అంటారు, వేడి నీళ్ళు అయిపోతే నన్నే అంటారు, ఫోన్ సిగ్నల్ రాకపోయినా నన్నే అంటారు. అంతా బాగుంటే ఎవరూ ఏమీ అనరు.

పైగా మనవాళ్ళకి కావలసినవి వేరు. ఇంటి వెనక చెక్క డెక్ మీద నుంచి కనిపించే సూర్యాస్తమయం ఎవరికి కావాలి? నేను ముందు వంటగది ఫొటో పెద్దది చేసి చూస్తాను. గ్యాస్ స్టవ్ ఉందా, కరెంటు పొయ్యా? పెద్ద కుక్కర్ ఆనుతుందా? చిమ్నీ పొగని బయటికి పంపుతుందా, మళ్ళీ మన మొహానే కొడుతుందా? తాలింపు వేయగానే అలారం మోగే ఇళ్ళల్లో ఇప్పటికి రెండుసార్లు పడ్డాం. కింద అంతస్తులో ఒక పడకగది ఉందా, పక్కింటివాళ్ళు ఎంత దూరం, ఇవన్నీ తేలాకే కొండలూ వాగులూ.

మొన్నటిసారి మూడు వారాలు వెతికితే అన్నీ కుదిరిన ఇల్లు ఒక్కటే దొరికింది. ఆరు బర్నర్ల గ్యాస్ స్టవ్, పొడవాటి భోజనాల బల్ల, చుట్టూ ఎవరూ లేరు. చిక్కల్లా ఒకటే. పదిమందికి మించి ఒప్పుకోనని ఓనర్ గట్టిగా రాసింది. వచ్చేవాళ్ళందరి పేర్లూ ముందే పంపమంది. మా ఇంట్లో నేనూ, మా ఆయన కిషోర్, ఇద్దరమ్మాయిలూ. నా స్నేహితురాలు లావణ్యవాళ్ళు ముగ్గురు. క్యారీ అనే ఊరి నుంచి వచ్చే కిషోర్ క్లాస్‌మేట్ కుటుంబం ముగ్గురు. అక్కడికి పదిమంది. పదకొండో మనిషి మా అత్తయ్య.

అత్తయ్య తెనాలిలో గవర్నమెంటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. మామయ్య పోయాక, రెండేళ్ళ క్రితం, మా దగ్గరికి వచ్చేసింది. తక్కువ మాట్లాడుతుంది, ఊరికే కూర్చోలేదు. మొదట్లో మా ఇద్దరికీ పొసగలేదు. గొడవలేమీ లేవు గానీ, నా వంటింట్లో డబ్బాలు ఆవిడ సర్దడం, ఆవిడ సర్దినవి నేను మళ్ళీ సర్దడం, ఏడాదిన్నర అలాగే నడిచింది. ఈమధ్యే కాస్త దారికొచ్చాం. సాయంత్రం ఇద్దరం కలిసి టీ తాగే దాకా వచ్చాం. ఆ టీ కప్పు దాకా రావడానికి నేను ఎంత మారానో, ఆవిడ ఎంత మింగుకుందో మా ఇద్దరికే తెలుసు. అది చెడిపోకూడదని నాకు ఉండేది.

పేర్ల సంగతి లావణ్యకి ఫోన్ చేసి అడిగాను. అది నవ్వింది.

"ఏం కాదక్కా, అందరూ గిట్లనే చేస్తరు. చంటిపిల్లల పేర్లు రాస్తమా? పెద్దోళ్ళది గూడ గంతే. ఆంటీ ఒక మూలకి పండుకుంటది, ఎవరికి తెలుస్తది?"

నాకూ సబబుగానే అనిపించింది. మనవాళ్ళలో ఇది కొత్త కాదు. పదిమందికి బుక్ చేసి పద్నాలుగు మంది దిగడం, రెండో కారుని కింద రోడ్డు మీద వదిలేసి నడిచి రావడం, కెమెరా ముందు నుంచి పిల్లల్ని విడతలు విడతలుగా పంపడం, ఇవన్నీ నేనూ చేసినదాన్నే. పది పేర్లు రాసి పంపాను. అత్తయ్య పేరు రాయలేదు. ఆ సంగతి ఆవిడకి గానీ కిషోర్‌కి గానీ చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం చేరాం. ముందు తలుపు పైన కెమెరా ఉంది. మలుపు దగ్గరే కారు ఆపించి, "అత్తయ్యా, మీరు వెనక నుంచి రండి, అటు మెట్లు తక్కువ" అని అబద్ధం చెప్పాను. డెబ్భై ఏళ్ళ మనిషి ఇడ్లీ పిండి గిన్నె పట్టుకుని గడ్డిలోంచి నడుచుకుంటూ ఇంటి వెనక్కి వెళ్ళింది. మా పెద్దమ్మాయి నిత్యకి పదమూడేళ్ళు. "అమ్మా, నానమ్మ ఎందుకు బ్యాక్ డోర్ వెళ్తుంది?" అంది. నోరు మూసుకుని బ్యాగులు దింపమన్నాను.

నేను లోపలి నుంచి బేస్‌మెంట్ తలుపు తీసి పట్టుకున్నాను. అత్తయ్య గుమ్మం దాకా రాగానే ఆ తలుపు నా చేతిని విదిలించుకుని మూసుకుంది. గాలి అనుకున్నాను. మళ్ళీ తెరిచాను, మళ్ళీ అంతే. మూడోసారి తలుపుకి నా భుజం అడ్డం పెట్టి ఆవిడని చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. అది నా భుజాన్ని నొక్కింది, ఎవరో అవతల నిలబడి తోస్తున్నట్టు. ఆ రోజు చెట్ల మీద ఆకు కూడా కదలడం లేదని తర్వాత గుర్తొచ్చింది. భుజం మీద నల్లగా కమిలిన మచ్చ వారం రోజులుంది.

సాయంత్రం అత్తయ్య టీ పెట్టబోతే స్టవ్ వెలగలేదు. లావణ్య తిప్పితే వెలిగింది. అత్తయ్య గిన్నె పెట్టగానే ఆరిపోయింది. ఆరు బర్నర్లూ అలాగే చేశాయి. కిషోర్ వచ్చి సేఫ్టీ సెన్సర్ ఏదో పాడైందని తేల్చేశాడు. మా ఆయనకి ప్రతిదానికీ ఒక సెన్సర్ ఉంటుంది. అత్తయ్య వెళ్ళి చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ కూర్చుంది.

రాత్రి ఏమీ జరగలేదు. అందరం హాయిగా నిద్రపోయాం. ఈ ఇల్లు ఏం చేసినా పట్టపగలే చేసింది.

శనివారం పొద్దున టిఫిన్‌కి పేపర్ ప్లేట్లు పదకొండు పెట్టాను. అందరూ కూర్చున్నాక ఒకటి తక్కువైంది. ఇంకొకటి తెచ్చాను. మళ్ళీ ఒకటి తక్కువే. బల్ల చుట్టూ తిరుగుతూ పైకి లెక్కపెట్టాను, పది వచ్చింది. నాకు ఒళ్ళు మండి, కట్ట మొత్తం బల్ల మీద పడేసి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండన్నాను. అత్తయ్య గోడ పక్కన నిలబడి ఇడ్లీ చేతిలో పెట్టుకుని తినేసింది. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

ఆ తర్వాత జలపాతం చూడ్డానికి బయల్దేరాం. నలభై నిమిషాల దారి. ఆవిడ అప్పటికే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దింది. పదకొండు డబ్బాలు. మూతలు నేనే పెట్టాను కాబట్టి ఇది ఖాయంగా చెప్పగలను. కిషోర్ రెండు కార్లలోకీ తొంగిచూసి, తలకాయలు లెక్కపెట్టి, "పది. అందరూ వచ్చేశారు, పదండి" అన్నాడు. ఎవరూ మారుమాట అనలేదు. నేనూ అనలేదు. తలుపు వేసింది కూడా నేనే.

జలపాతం దగ్గర ఫొటోలు దిగాం, రాళ్ళ మీద కూర్చుని సంచీ విప్పాం. పది డబ్బాలున్నాయి. అందరికీ సరిపోయాయి. సగం తిన్నాక నిత్య చెంచా ఆపేసింది.

"అమ్మా, నానమ్మ ఎక్కడ?"

"ఏ నానమ్మ?" అన్నాను.

ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. అది పరధ్యానంగా వచ్చిన మాట కాదు. నాకు నిజంగా తెలియలేదు. ఆ పిల్ల ఎవరి గురించి అడుగుతోందో అర్థం కాక మనసంతా తడుముకున్నాను, ఒక్క మొహం కూడా కనిపించలేదు. కిషోర్ వైపు చూశాను. సొంత కొడుకు. పులిహోర నములుతూ, పరాయి భాష విన్నట్టు కూతురి వంక చూస్తున్నాడు. లావణ్య కూడా అంతే.

నిత్య ఏడుపు అందుకుంది. "మన నానమ్మ! మార్నింగ్ నా జడ వేసింది!" అని జడ ముందుకు లాగి నా మొహం ముందు పెట్టింది. చివర ఆవిడ మాత్రమే వేసే ముడి. దాన్ని చూశాక అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది.

కొండల్లో ఫోన్ పలకలేదు. తిరిగి వచ్చే దారంతా కిషోర్ స్టీరింగ్ పట్టుకుని "మా అమ్మని ఎలా మర్చిపోయాను" అని ఒకే మాట పదిసార్లు అనుకున్నాడు.

ఆవిడ ఇంట్లో లేదు. రోడ్డు మీదికి వచ్చే కంకరదారి చివర, ఒక రాయి మీద, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్వెటర్ లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు. చేతులు మంచుగడ్డలయ్యాయి. కిషోర్ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నేను నా జాకెట్ విప్పి కప్పబోతే, ఆవిడ ఆ ఆకుపచ్చ జాకెట్‌నీ నన్నూ మార్చి మార్చి చూసి వెనక్కి జరిగింది.

"ఏమైంది అత్తయ్యా, బయట కూర్చున్నారేంటి?"

"నువ్వే కదమ్మా వెళ్ళమన్నావు."

నిష్ఠూరంగా కాదు, ఆసుపత్రిలో రోగి వివరాలు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. మొహం కడుక్కుని పైకి వచ్చేసరికి ఎవరూ లేరట. వాగు దగ్గరికి వెళ్ళారేమోననుకుని మళ్ళీ కిందికి వచ్చి కూర్చుందట. ఒక అరగంటకి నేను మెట్లు దిగి వచ్చానట, ఆ జాకెట్ వేసుకునే. "మీ పేరు రాయలేదు. మీరు బయటికి వెళ్ళండి" అని బేస్‌మెంట్ తలుపు తీసి పట్టుకున్నానట. ఆవిడ గుమ్మం దాటగానే లోపల గడియ వేశానట.

"నేను జలపాతం దగ్గరున్నాను అత్తయ్యా. అందరూ చూశారు."

"ఉండే ఉంటావు. ఇప్పుడే కారు దిగావు కదా. కానీ నాతో మాట్లాడింది కూడా నువ్వే. ముప్ఫయ్యేళ్ళు మనుషుల మొహాలు చూసే ఉద్యోగం చేశాను, నాకు ఆమాత్రం తెలీదా?"

పేరు రాయని సంగతి నాకూ లావణ్యకీ తప్ప ఎవరికీ తెలియదు. లావణ్య తన పిల్ల మీద ఒట్టేసి చెప్పలేదంది. నేను నమ్ముతున్నాను.

కిషోర్ ఒక్కడే లోపలికి వెళ్ళి సామాన్లు బయట పడేశాడు. అతనికి ఏ తలుపూ అడ్డం రాలేదు, స్టవ్ కూడా వెలిగించి చూశాడట. ఇంకా ఎండ ఉండగానే వచ్చేశాం. తర్వాత ఓనర్‌కి రాసి, తలుపులు ఎప్పుడెప్పుడు తెరిచారో, మూశారో తాళాల్లో రికార్డు ఏదైనా ఉంటే చూడమన్నాను. మేం వెళ్ళిన అరగంట తర్వాత బేస్‌మెంట్ తలుపు లోపలి నుంచి చేత్తో గడియ పడిందని ఆవిడ జవాబిచ్చింది. మీలో ఎవరో లోపలే ఉండి ఉంటారు కదా అని కూడా రాసింది.

కిషోర్ వద్దన్నా డాక్టరుకి చూపించాం. అత్తయ్య జ్ఞాపకశక్తి నా కన్నా బాగుందన్నారు. మరి పదిమందిమి ఒక మనిషిని ఒకేసారి ఎలా మర్చిపోయామో, ఏ డాక్టరుని అడగాలో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఉన్నదేదో నాలా ఎలా వచ్చిందో, నేను ఎవరికీ వినపడకుండా చేసిన పని దానికి ఎలా తెలిసిందో, ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ ఇల్లు ఇంకా అద్దెకిస్తూనే ఉన్నారు. వంటగది ఫొటో చూస్తే ఎవరికైనా నచ్చుతుంది.

ఇంటికొచ్చాక ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. వెళ్ళమంటే చెప్పుల్లేకుండా వెళ్ళిపోవడమేంటి అత్తయ్యా, ఇదేంటని ఎదురు అడగచ్చుగా అని.

"ఎప్పుడో ఒకప్పుడు అంటావనుకున్నానమ్మా," అంది. కోపం లేదు, ఏడుపూ లేదు.

మా వంటింటికి తలుపు లేదు. అయినా ఇప్పుడు ఆవిడ గోడ మీద వేలితో రెండుసార్లు తట్టి, "రావచ్చా?" అని అడుగుతుంది. రండి అత్తయ్యా అంటాను. ప్రతిసారీ అంటాను. ఆవిడ మాత్రం వెంటనే రాదు. అక్కడే నిలబడి నా మొహంలోకి కాసేపు చూస్తుంది. ఇది నేనేనని తేల్చుకున్నాకే లోపలికి అడుగు పెడుతుంది. కొన్ని రోజులు తేల్చుకోలేక వెనక్కి వెళ్ళిపోతుంది.