గడప దగ్గర బూట్లు

కశ్మీరులో ఆ రాతి గుడిసె చేరేసరికి సాయంత్రమైంది. మోకాలి లోతు మంచు. గొర్రెలకాపరులు ఎండాకాలంలో ఉండే గుడిసె అది, చలికాలం ఖాళీ. గస్తీలో ఆరుగురం. మా ఇబ్రహీంపట్నం కాలేజీ పిల్లలు ఇప్పుడు అలాంటి గుడిసెల్లో పడుకోవడానికి సరదాగా వెళ్తున్నారు. వెళ్లనీండి.

హవల్దార్ హిందీలో ఒకటే హుకుం ఇచ్చాడు. "బూట్లతోనే పడుకోండి. ఎవరూ విప్పొద్దు."

వంట చూసేది మా పక్కనున్న అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చిన అన్న. తుపాకీ పట్టే మనిషే, గరిటె కూడా ఆయన నెత్తినే పడింది. రాత్రి మంట పెట్టలేదు, వెలుగు కనిపిస్తే చావే. తెల్లారి పొగమంచు కమ్మాక హవల్దార్ చాయ్‌కి ఒప్పుకున్నాడు. గుడిసెలో కాపరుల మట్టి పొయ్యి ఉంది. అన్న బూట్లు విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, గడప దగ్గర జతగా పెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ అన్నా? తొడుక్కో."

"పొయ్యి కాడికి బూట్లతోని పోతర్రా? మీ ఇంట్ల గట్లనే పోతవా? జర ఆగు, చాయ్ కాంగనే ఏస్కుంట."

నవ్వొచ్చింది. మా ఇంట్లోనూ అంతే.

నీళ్లు మరగలేదు. బయట కాపలా ఉన్న జవాను తూటా తగిలి అరుస్తూ కూలిపోయాడు. తలుపు చెక్కలు పగిలి మా ముఖాల్లో గుచ్చుకున్నాయి. రేడియో జవాను గొంతులో తూటా దిగింది. రెండు చేతులతో నొక్కిపట్టినా నా వేళ్ల సందుల్లోంచి నెత్తురు ఉరికింది. హవల్దార్ రేడియో అందుకున్నాడు. "కాల్పులు. ఇద్దరు పడ్డారు."

బయట జవాను ఇంకా అరుస్తున్నాడు.

"వాన్ని తెస్త" అన్నాడు అన్న.

"బూట్లు!"

"టైం లేదు తమ్మీ."

వట్టి కాళ్లతో దూకాడు. గుడిసె ముందు తొక్కిన మంచు రాత్రికి గడ్డకట్టింది. దాని మీద వట్టి పాదం నిలవదు. జవానును లాగుతూ జారాడు. లేచాడు. వాణ్ని గడప లోపలికి తోసి మళ్లీ జారాడు. ఈసారి పొగమంచులోంచి కాలుస్తున్నవాళ్లు లేవనివ్వలేదు.

మేము వాళ్లలో ఇద్దర్ని చంపాం. చచ్చినవాడి మీద కూడా నేను కాలుస్తూనే ఉన్నాను, హవల్దార్ తుపాకీ గుంజుకునేదాకా. అందుకు నాకు సిగ్గు లేదు. అన్న తెచ్చిన జవాను బతికాడు.

సెలవు దొరకగానే అన్న ఇంటికి వెళ్లాను. ఆయన భార్య ఏడవలేదు. ఒకటే అడిగింది.

"ఆఖరికి కాళ్లకు బూట్లన్న ఉండెనా తమ్మీ? ఆయన చలికి అస్సలు ఆగడు."

"ఉండె వదినా."

ఫౌజు వదిలి ఇంటికొచ్చేశాను. ఆ గుడిసె మాత్రం నన్ను వదల్లేదు. కాల్పులు ఆగాక గడప దగ్గర ఆ బూట్లు పెట్టినచోటే ఉన్నాయి. ఒకదాంట్లో చెయ్యి పెట్టాను. లోపల మేజోడు ఇంకా వెచ్చగా ఉంది.